బూజు కోసం కాచుకునే తోట

సంక్రాంతికి మా తమ్ముడు ఫ్రాన్స్‌లోని టులూజ్ నుంచి వచ్చాడు. పెట్టెలోంచి చాక్లెట్లు, పిల్లల జాకెట్లు అన్నీ తీసేశాక, అడుగున స్వెటర్‌లో చుట్టి పెట్టిన చిన్న సీసా ఒకటి బయటికొచ్చింది. తెల్ల గాజు సీసా. లోపల కొత్త తేనె రంగు. మీగడ రంగు లేబుల్ మీద బంగారు అక్షరాలు, వాటి పైన చిన్న కిరీటం.

"షాటో దికెమ్, అక్కా. ఫ్రాన్స్ తియ్యటి వైన్," అన్నాడు. లేబుల్ మీద ఉన్న అక్షరాలను నేను ఇంకోలా చదివాను. నవ్వాడు. ధర ఎంత అని అడిగితే, "నాయినకు మాత్రం చెప్పకు" అని నా చెవిలో ఊదాడు. విన్నాక నేను మా ఆయనకు కూడా చెప్పలేదు.

మా ఇంట్లో వైన్ అంటే క్రిస్మస్‌కి కింది ఫ్లాట్ ఆంటీ పంపే అల్లం వైన్. దసరాకు నాయిన తాగే కల్లు ఒకటి. అంతే. అలాంటిది నేను ఫ్రాన్స్ వైన్ గురించి ఇంత పొడుగు పోస్టు రాయడమేంటని నాకే నవ్వొస్తోంది. కానీ ఇది వైన్ గురించి ఎంతో, మా నాయిన గురించీ అంతే. ఆయన ముప్పై ఏళ్ళు ద్రాక్ష పండించిన రైతు. మేడ్చల్ వైపు మాకు ఆరెకరాల అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడక్కడ విల్లాలున్నాయి. ఆ కాలనీ పేరులో ద్రాక్షతోట అనే మాట ఇంగ్లీషులో ఉంది కానీ లోపల ఒక్క తీగ కూడా లేదు. నాయిన ఇప్పుడు కొంపల్లిలో మాతోనే ఫ్లాట్‌లో ఉంటాడు. టెర్రస్ మీద నీలం డ్రమ్ములో ఒకే ఒక్క ద్రాక్ష చెట్టు పెంచుతున్నాడు. అసోసియేషన్ వాళ్ళతో దాని గురించి రెండుసార్లు గొడవైంది. చెట్టు ఉంది, గొడవా ఉంది.

సీసా చూడగానే నాయిన అడిగిన మొదటి ప్రశ్న: "ఏ రకం?"

ఎంత ఖరీదనో, ఎక్కే మందా కాదా అనో కాదు.

"సెమియోన్ అని తెల్ల ద్రాక్ష, నాయినా. మూడొంతులు అదే. మిగిలింది సావిన్యోన్ బ్లాన్."

"గింజ ఉంటదా?"

"ఉంటది."

"ఎన్నెకరాలు?"

"కాపు మీదున్నది రెండొందల యాభై ఎకరాల దాకా."

"చెట్టుకెంత దిగుబడి?"

తమ్ముడు ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టున్నాడు. "చెట్టుకు ఒక గ్లాసు వైన్," అన్నాడు.

నాయిన నావైపు తిరిగాడు, వీడు ఆటలు పట్టిస్తున్నాడా అన్నట్టు. మా పందిరి మీద ఒక్కో చెట్టుకు యాభై కిలోలకు తక్కువ దిగిన ఏడాది మొహం వేలాడేసుకుని తిరిగేవాడాయన.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ద్రాక్ష రైతు ఇంట్లో పుట్టిన వాళ్ళెవరికైనా బోర్డో అనే మాట బొడ్డూడక ముందు నుంచీ తెలుసు. బోర్డో మిశ్రమం. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కిలో, సున్నం కిలో, నీళ్ళు వంద లీటర్లు. తుత్తం నీలం గడ్డలను గుడ్డలో మూటకట్టి, కర్రకు కట్టి, నీళ్ళ డ్రమ్ములో పైపైన మునిగేట్టు రాత్రంతా వేలాడదీసేవాళ్ళు. అడుగున పడేస్తే కరగదు. పొద్దున్నే మూటలోంచి నీలం చారలు పొగలా కిందికి దిగుతుంటే నేనూ తమ్ముడూ డ్రమ్ము అంచు పట్టుకుని చూసేవాళ్ళం. సున్నం ఇంకో డ్రమ్ములో కలిపి, పాత ధోవతితో వడగట్టి, రెండూ ఒకదాంట్లోకి పోస్తే లేత ఆకాశం రంగు తిరిగేది. అప్పుడు నా పని: కొడవలి కొనను అందులో ముంచి కాసేపు పట్టుకోవడం. బయటికి తీస్తే ఇనుము మీద ఎర్రగా రాగి పూత పడిందంటే సున్నం చాల్లేదని లెక్క. ఆ మందు కొడితే ఆకులు మాడతాయి. పూత పడకపోతే నాయిన "ఆఁ, పట్టు" అనేవాడు, వీపు మీది పంపు సర్దుకుంటూ. ఒకసారి పూత పడినా పడలేదని చెప్పాను, ఆటకు ఆలస్యమవుతోందని. రెండు వరుసలు మాడాయి. ఆ సంగతి నాయినకు ఈ మధ్యే చెప్పాను. "నాకెరికే," అన్నాడు.

బోర్డో అంటే మందు కంపెనీ పేరనుకునేదాన్ని. అది ఫ్రాన్స్‌లో ఊరని డిగ్రీలో ఎప్పుడో తెలిసింది. అసలు కథ తమ్ముడు ఈసారి చెప్పాడు. 1870ల చివర్లో అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను తినేస్తోంది. 1882లో మిలార్దే అని బోర్డో యూనివర్సిటీ వృక్షశాస్త్రం ప్రొఫెసర్ బోర్డో దగ్గరి మెదోక్ ప్రాంతంలో నడుస్తూ ఒక వింత చూశాడు. దారి పక్కనున్న చెట్లకే ఆకులు పచ్చగా ఉన్నాయి, లోపలి వరుసలు రాలిపోయాయి. కారణం ఏంటంటే దొంగలు. దారిన పోయేవాళ్ళు పళ్ళు తెంపుకోకుండా అంచు వరుసలకు తుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్ళట, నీలంగా విషంలా కనిపించాలని, నోట్లో పెట్టుకుంటే చేదుగా ఉండాలని. ఆ దొంగల మందే తెగుళ్ళ మందైంది. 1885లో మిలార్దే దాన్ని ప్రపంచానికి ప్రకటించాడు.

ఇది విని నాయిన చాలాసేపు నవ్వాడు. "మనది రివర్స్ బిడ్డా. మనం తెగులుకు కొట్టినం, దొంగలు కడుక్కొని తిన్నరు."

ఇప్పుడు అసలు విషయం. ఆ బోర్డో నగరానికి ఆగ్నేయంగా నలభై కిలోమీటర్ల దూరంలో సోటెర్న్ అని పల్లె. దికెమ్ తోట అక్కడి గుట్ట మీద ఉంది. బూజును చంపే మందు కనిపెట్టిన ప్రాంతంలోనే, ఈ తోటవాళ్ళు ఏటా బూజు ఎప్పుడు పడుతుందా అని ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటారు. బూజు పట్టని పండు వాళ్ళకు అక్కర్లేదు.

రెండూ ఒకే బూజు కాదనుకోండి. మిలార్దే తరిమింది ఆకులను తినేది. దికెమ్ వాళ్ళు కోరుకునేది బోట్రిటిస్ అని పండుకు పట్టేది. అది కూడా సామాన్యమైంది కాదు. వాన ఆగకుండా పడితే ఇదే బోట్రిటిస్ బూడిదరంగు కుళ్ళై గుత్తులకు గుత్తులు ముద్దచేసి పారేస్తుంది. వరం అయ్యేది ఒకే ఒక్క లెక్కలో కుదిరితేనే: పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ.

ఆ లెక్క కుదిర్చేది ఒక చిన్న వాగు. సిరాన్ దాని పేరు. అడవుల నీడలో పారి చల్లగా వచ్చి, వెచ్చటి గారోన్ నదిలో కలుస్తుంది. శరదృతువులో ఈ చల్లదనం ఆ వెచ్చదనాన్ని తాకిన చోట పొగమంచు లేచి తోటల మీదికి పాకుతుంది. తమ్ముడు కిందటి అక్టోబర్‌లో ఫ్రెండ్స్‌తో అక్కడికి వెళ్ళాడట. ఫోన్‌లో వీడియో చూపించాడు. తొమ్మిదింటికి అంతా తెల్లగా ఉంది, మోకాలెత్తు తీగల వరుసలు రెండు మూడు తప్ప ఏమీ కనపడవు. మధ్యాహ్నం తీసిన వీడియోలో అదే చోట నీలాకాశం, గుట్ట మీద గోపురాల కోట. తేమకు బూజు మొలిచి పండు తోలుకు కంటికి కనిపించని రంధ్రాలు పెడుతుంది. ఎండకు ఆ రంధ్రాల గుండా నీళ్ళు ఆవిరవుతాయి. పండు ఊదారంగుకు తిరిగి, ముడతలుపడి, ఎండు ద్రాక్షకు కొంచెం ఇవతల ఆగుతుంది. లోపల మిగిలేది చిక్కటి చక్కెర, పులుపు, బూజు తెచ్చిపెట్టిన ఇంకేవో వాసనలు.

గుత్తి మొత్తం ఒకేసారి అలా కాదు. అందుకని కోతకు వచ్చినవాళ్ళు గుత్తిని కొయ్యరు, సరిగ్గా బూజు పట్టిన పళ్ళను మాత్రం ఏరుకుంటారు. మళ్ళీ కొన్నాళ్ళకు అదే చెట్టు దగ్గరికి. మళ్ళీ. మామూలుగా ఐదారుసార్లు, కొన్నేళ్ళు అంతకన్నా ఎక్కువ. నవంబర్ దాకా, ఒక్కోసారి ఇంకా తర్వాత కూడా. చెట్టుకు గ్లాసు అన్న లెక్క అక్కడ తేలుతుంది.

"ఇగ మనకు ఫిబ్రవరిల మూడు దినాలు వాన పడ్డది యాదికుందా?" అన్నాడు నాయిన.

యాదికి లేకుండా ఎట్లా ఉంటుంది. నేను తొమ్మిదో తరగతి. మర్నాడు కోత అని గంపలు తెప్పించాం, లారీ మాట్లాడాం. ఆ రాత్రి మొదలైన వాన మూడు రోజులు ఆగలేదు. పండిన గుత్తులు పందిరి మీదే పగిలాయి. నాలుగో రోజు తోటలో అడుగుపెడితే పులిసిన వాసన. ముందే రేటు మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చిన ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. తర్వాత అడ్వాన్సు వెనక్కి ఇమ్మని మనిషిని పంపాడు. నాయిన అప్పుడు రాతి కడీకి ఆనుకుని నిలబడి ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడు పంటలు తీశాం. తర్వాత కడీలు పీకించి అమ్మేశాం, ఆ తర్వాత నేల.

అందుకే తమ్ముడు చెప్పిన ఇంకో ముచ్చట ఆయనకు బాగా పట్టింది. దికెమ్ వాళ్ళు ఏ ఏడాది పంట తమ పేరుకు తగ్గట్టు లేదనిపిస్తే ఆ ఏడాది ఆ పేరుతో అసలు వైనే విడుదల చెయ్యరు. 1910, 1915, 1930, 1951, 1952, 1964, 1972, 1974, 1992, 2012. ఈ పది సంవత్సరాల దికెమ్ ప్రపంచంలో ఎక్కడా దొరకదు.

నాయిన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "నూరేండ్లల్ల పదే? మనకు పదేండ్లల్ల నాలుగు పోయినయి. ఎవ్వరు రాసిపెట్టలే."

నాకు తోచింది కూడా రాస్తాను. పంట బాగాలేదు, వద్దు అని సీసాలు ఆపేసే రోషం గొప్పదే, కాదనను. కానీ ఆ రోషానికి వెనక నేలమాళిగలో పాత సంవత్సరాల పీపాలుండాలి, బ్యాంకులో డబ్బుండాలి. బ్యాంకులో పనిచేసేదాన్ని, పంట రుణాల ఫైళ్ళు రోజూ చూస్తాను, నాకీ లెక్క తెలుసు. అదే తోటలో 19వ శతాబ్దంలోనే బంకమట్టి నేల కింద నీళ్ళు నిలవకుండా వంద కిలోమీటర్ల పొడవున మట్టి గొట్టాలు పాతించారట. అది విని నాయిన "అట్ల చెప్పు మరి!" అన్నాడు. బూజు కన్నా, కిరీటం కన్నా ఆయనకు ఆ గొట్టాలే నచ్చాయి.

అమ్మకు నచ్చింది వేరే. అమ్మ అప్పటిదాకా సకినాలు డబ్బాలో సర్దుతూ, వింటున్నట్టు కాదు, విననట్టూ కాదు. తమ్ముడు దికెమ్ దొరసాని కథ మొదలుపెట్టగానే డబ్బా పక్కన పెట్టింది.

ఆ ప్రాంతం మూడొందల ఏళ్ళు ఇంగ్లండు రాజుల కింద ఉండి 1453లో ఫ్రాన్స్‌కు తిరిగొచ్చింది. 1593 నుంచి తోట సోవాజ్ అనే కుటుంబం చేతిలో ఉంది. ఆ వంశంలో మిగిలిన ఆడపిల్ల ఫ్రాన్స్వాజ్ జోసెఫిన్. తల్లిదండ్రులు లేరు. 1785లో లూర్-సాల్యూస్ అనే జమీందారీ వంశపు సైనికాధికారిని చేసుకుంది. మూడేళ్ళకే ఆయన గుర్రం మీంచి పడి పోయాడు. ఆమెకు అప్పుడు ఇరవై ఏళ్ళు.

"ఇరువై ఏండ్లకేనా!" అంది అమ్మ.

మరుసటి ఏడాది ఫ్రెంచి విప్లవం. జమీందార్ల తలలు తెగిపడుతున్న రోజులు. ఆమెను రెండుసార్లు జైల్లో పెట్టారు. బయటికొచ్చి తోటను వదల్లేదు. ఒక్కో పండూ ఏరి కోసే పద్ధతిని గట్టిగా నిలబెట్టింది ఈమేనంటారు. ఆ రోజుల్లో పిచ్చి ఖర్చు అనిపించినా 1826లో వైన్ కోసం పెద్ద కొట్టు కట్టించింది. 1851లో చనిపోయేదాకా తోట ఆమెదే. నాలుగేళ్ళ తర్వాత, 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకు తరగతులు కట్టినప్పుడు ఎర్ర వైన్లలో నాలుగు మొదటి తరగతికి వచ్చాయి. తియ్యటి తెల్ల వైన్లలో దికెమ్‌ను మాత్రం మొదటి తరగతి కన్నా పైన, విడిగా, ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఆమె దాన్ని చూడలేదు.

దొరసానికి పెళ్ళైన కొత్తలో, భర్త ఇంకా బతికుండగానే, అప్పట్లో ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ నుంచి ఆర్డరు వచ్చింది, 1784 పంటవి 250 సీసాలు కావాలని. తర్వాత జార్జి వాషింగ్టన్ కోసం కూడా తెప్పించాడు. 1859లో రష్యా చక్రవర్తి తమ్ముడు 1847 నాటి 900 లీటర్ల వైన్‌కు 20,000 బంగారు ఫ్రాంకులిచ్చాడు. 2011లో అయితే 1811 నాటి సీసా ఒకటి లండన్‌లో 75,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఈ అంకెలు చదివేటప్పుడు ఆవులింత వస్తుంది నాకు, మీకూ వచ్చి ఉంటుంది. పాత సీసాలు కొనేవాళ్ళకు అదో పిచ్చి.

చివరికి ఆ కుటుంబమూ మన దగ్గరి అన్నదమ్ముల పంపకాల్లాగే తెగింది. తోట నడిపే అలెగ్జాందర్ ద లూర్-సాల్యూస్ వద్దంటున్నా బంధువులు 1996లో తమ వాటాలను ఎల్వీఎంహెచ్‌కు అమ్మారు. లూయీ వ్యుట్టోన్ బ్యాగులవాళ్ళే. కోర్టులూ అవీ అయ్యి 1999లో రాజీ పడ్డారు. 2004 దాకా ఆయనే చూసుకుని తర్వాత తప్పుకున్నాడు. రెండొందల ఏళ్ళు దాటిన ముడి. మా ఆరెకరాలకు మా బాబాయిలు ఎన్ని పంచాయితీలు పెట్టారో గుర్తొచ్చి నేనూ అమ్మా ఒకర్నొకరు చూసుకున్నాం.

కనుమ రోజు సాయంత్రం సీసా తీశాం. ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టమన్నాడు తమ్ముడు. వైన్ గ్లాసులు లేవు, పాయసం గ్లాసులే. ముందు వాసన చూడమన్నాడు. నేను ముక్కు దగ్గర పెట్టుకోగానే నోట్లోంచి వచ్చిన మాట: "ఖుబానీ కా మీఠా!" నిజంగానే. పెళ్ళి భోజనాల్లో ఖుబానీ గిన్నె మూత తీసినప్పుడు వచ్చే వాసన. దాని వెనక నారింజ తొక్క, కొంచెం కుంకుమపువ్వు. నాలుక మీద పడ్డప్పుడు పాకంలా చిక్కగా ఉంది, వెగటేస్తుందేమో అనుకునేలోపు పులుపు వచ్చి మొత్తం కడిగేసింది. తర్వాత చాలాసేపు నోట్లోంచి పోలేదు. వాళ్ళు రోక్‌ఫోర్ అని నీలం బూజు పట్టిన ఉప్పటి చీజ్‌తో తింటారట. మాకు సకినాలున్నాయి. ఉప్పు, వాము, నువ్వులు. నన్నడిగితే చీజ్ అక్కర్లేదు.

అమ్మ గ్లాసు వద్దంది. అరచెయ్యి చాపింది. తమ్ముడు రెండు చుక్కలు పోస్తే తీర్థంలా పుచ్చుకుని, అలవాటుగా చెయ్యి తలకు రాసుకోబోయి, ఆగి, పడీపడీ నవ్వింది.

నాయిన మొదటి గుక్క మింగాక కళ్ళు మూసుకున్నాడు. తర్వాత అడిగాడు, "కల్లు పొద్దున తియ్యగుంటది, మాపటికి పులుస్తది. ఇది ఇన్నేండ్లు తియ్యగెట్ల నిలబడ్డది?"

తమ్ముడు చెప్పాడు. ఈ రసంలో చక్కెర ఎంత ఎక్కువంటే, ఈస్టు దాన్ని తింటూ తింటూ ఆల్కహాల్ 14 శాతం దగ్గరికి వచ్చేసరికి అలిసి ఆగిపోతుంది. తినగా మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది. తర్వాత కొత్త ఓక్ పీపాల్లో దాదాపు రెండేళ్ళు పెడతారు. మంచి సంవత్సరానిదైతే సీసాలో వందేళ్ళు కూడా ఉంటుంది. బంగారు రంగు కాస్తా మెల్లగా టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది.

నాయిన ఇంకో గుక్క తాగాడు. "గుత్తి కిందికి ముడుసుకపోయిన పండ్లుంటయి చూడు," అన్నాడు. "కోసేటప్పుడు కత్తెరతోని తీసేస్తుంటిమి, మార్కెట్ల రేటు తగ్గిస్తరని. గదే రుచి ఇది." కాసేపాగి అన్నాడు, "గవన్ని మనం మేకలకు ఏసినం బిడ్డా."

తమ్ముడు వెళ్ళిపోయి నెల దాటింది. మొన్న ఆదివారం బట్టలు ఆరేయడానికి టెర్రస్ మీదికి వెళ్ళాను. నాయిన డ్రమ్ము పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. చెట్టు ఆకుల కింద తెల్లటి బూజు మచ్చలు రెండు కనిపించాయట. మిశ్రమం కలిపితే ఆ రోజే వాడెయ్యాలి, నిలవ ఉండదు. అందుకని తుత్తం నీళ్ళు విడిగా, సున్నం విడిగా పెట్టుకుంటాడు, కావాల్సినప్పుడు కావాల్సినంత కలుపుకోవడానికి. సున్నం పాత హార్లిక్స్ డబ్బాలో ఉంది. తుత్తం నీళ్ళు దికెమ్ సీసాలో ఉన్నాయి. తెల్ల గాజులో ముదురు నీలం, దాని మీద మీగడ రంగు లేబుల్, బంగారు కిరీటం. కిరీటం కిందే అమ్మ తెల్ల ప్లాస్టర్ అంటించి బాల్ పెన్నుతో రాసింది: విషం, తాగొద్దు.

ఫొటో తీసి తమ్ముడికి పంపాను. ఇంకా జవాబు రాలేదు. నాయిన కూరగాయల చాకు ముంచి పట్టుకోమని నాకిచ్చాడు.